పీహెచ్‌డీ అంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం. మా అమ్మాయి మేథ్స్, ఎకనామిక్స్‌తో డిగ్రీ ఫైనలియర్. కరెంటు, పర్యావరణ విధానాల మీద రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది. మేమేమో అప్పు చేసైనా లండన్‌లో ఏడాది సస్టైనబిలిటీ మాస్టర్స్ చేయిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. ‘ఏది మేలు’ అని అడుగుతారు గానీ, లోపలున్న టెన్షన్ వేరు: ఇన్నేళ్లు చదివితే సంపాదన ఎప్పుడు, పెళ్లెప్పుడు? ముందు దాని సంగతి చూద్దాం. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ప్రభుత్వ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఇస్తారు. అమ్మాయి మీకు బరువు కాదు. పెళ్లికి, పీహెచ్‌డీకి శత్రుత్వం లేదు.

ఆమె సబ్జెక్టు మీ డాబా మీదే ఉంది. థర్మల్ స్టేషన్ బూడిద ఆరేసిన బట్టల మీద పడితే మళ్లీ ఉతుక్కునే ఖర్చు ఏ కరెంటు బిల్లులోనూ కనపడదు. దాన్ని లెక్కగట్టి, ఎవరు భరించాలో తేల్చడమే ఆ చదువు. 2019లో సూరత్‌లో ఫ్యాక్టరీల పొగలోని ధూళికి పరిమితి పెట్టి, ఆ ధూళి వదిలే పర్మిట్లు ఫ్యాక్టరీలు కొనుక్కునే, అమ్ముకునే మార్కెట్ నడిపారు. ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. దాని రూపకల్పనలో యూనివర్సిటీ ఎకనామిస్టుల చెయ్యుంది.

లండన్ కోర్సు మీద నాకు అనుమానాలున్నాయి. ఆ పేరుతో వస్తున్న ఏడాది కోర్సులు చాలావాటిలో రిపోర్టులు రాయడం నేర్పుతారు, ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక గణాంకాలను లెక్కలతో విశ్లేషించే పద్ధతులు, పైపైన కానిచ్చేస్తారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగేది ఆ లెక్కలే. చదువు ఏడాదిలో అయిపోతుంది, వాయిదాలు మాత్రం ఏళ్ల తరబడి కట్టాలి. అంత అప్పుకు వెనకాడని మీరు, పీహెచ్‌డీకి ముందు ఇక్కడే చేసే రెండేళ్ల ఎంఏకి ఎందుకు జంకుతున్నారు? చుట్టాలకు చెప్పుకోవడానికి లండన్ బాగుంటుందనా? కోపం తెచ్చుకోకండి, ఆలోచించండి.

చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబయిలో ఐజీఐడీఆర్ (ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్) ఈ రంగానికి పేరున్నవి. 2006 నాటి సమగ్ర ఇంధన విధానం నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడైన కిరీట్ పారిఖ్ ఐజీఐడీఆర్ తొలి డైరెక్టరే. పీహెచ్‌డీ అయినవాళ్లందరికీ ప్రొఫెసర్ పోస్టులు దొరకవు, అది నిజం. కానీ కరెంటు ధరల లెక్కలు తెలిసినవాళ్లు విద్యుత్ నియంత్రణ మండళ్లకూ, పరిశోధన సంస్థలకూ కావాలి.

ముందు అమ్మాయిని ఏపీఈఆర్‌సీ (మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) వెబ్‌సైట్‌లోంచి ఈ ఏడాది టారిఫ్ ఆర్డర్, అంటే కరెంటు ధరల ఉత్తర్వు, దించుకుని, రైతుల ఉచిత కరెంటు సబ్సిడీ లెక్కలు చదవమనండి. చదివాక కూడా ఉత్సాహం తగ్గకపోతే, ఎంఏ ఎంట్రన్స్‌కి ఫీజు కట్టేయండి.