రిమోట్ డెస్క్‌టాప్ మాటిమాటికీ తెగిపోతుంటే

ప్రశ్న: ఇంటి నుంచి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షిత దారి) ద్వారా ఆఫీసు విండోస్ కంప్యూటర్‌లోకి వెళ్లి పనిచేస్తాను. గంటకు రెండు మూడుసార్లు తెర బిగుసుకుపోయి 'రీకనెక్టింగ్' అని వస్తుంది. చేసిన పని పోతుందా? నెట్ మార్చుకోవాలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పని పోదు. ప్రోగ్రాములు నడిచేది ఆఫీసు కంప్యూటర్‌లో. లైన్ తెగినా సెషన్ (లాగిన్ అయి మీరు తెరిచినవన్నీ) అక్కడ అలాగే ఉంటుంది, మళ్లీ లాగిన్ అయితే వదిలిన చోటే తెరుచుకుంటుంది. మామూలుగా 5 సెకన్లకోసారి 20 సార్లు దానంతటదే ప్రయత్నిస్తుంది, కాబట్టి కంగారుపడి విండో మూసేయకండి. డిస్‌కనెక్ట్ అయిన సెషన్లకు ఆఫీసువాళ్లు గడువు పెట్టి ఉంటే మాత్రం, అది దాటాక సేవ్ చేయనిదంతా పోతుంది. ఆ గడువెంతో ముందే అడగండి.

నెట్ మార్చేముందు తెంపుతున్నదెవరో తేల్చుకోవాలి. ఆఫీసు కంప్యూటర్ ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి నమోదు చేసే చోట) 'టెర్మినల్ సర్వీసెస్ - లోకల్ సెషన్ మేనేజర్' ఆపరేషనల్ లాగ్ తెరిచి, 40 నంబరు ఈవెంట్లలో రీజన్ కోడ్ చూడండి. 5 ఉంటే అదే యూజర్‌తో మరోచోట లాగిన్ అయ్యారని (చాలాసార్లు అది పక్కగదిలో మీరే తెరిచి మరిచిన ల్యాప్‌టాప్!). 3 అయితే కదలిక లేక గడువు దాటిందని. 0 ఉంటే నెట్‌వర్క్‌ను అనుమానించండి.

వీపీఎన్ ఉన్నప్పుడు నా మొదటి అనుమానం యూడీపీ మీద. టీసీపీ, యూడీపీ అనేవి నెట్‌లో డేటా పంపే రెండు పద్ధతులు. విండోస్ 8 కాలం నుంచి రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీతోపాటు యూడీపీనీ వాడుతోంది, రెంటికీ పోర్టు 3389. వీపీఎన్ తన హెడర్ (అదనపు సమాచారం) చేర్చేసరికి పెద్ద ప్యాకెట్లు (డేటా పొట్లాలు) ముక్కలవుతాయి. ఒక్క ముక్క దారిలో పోయినా ప్యాకెట్ మొత్తం పోయినట్టే. మీ ల్యాప్‌టాప్ గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ మీదుగా 'రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్'కు వెళ్లి, 'టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్'ను ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ హోమ్‌లో ఈ ఎడిటర్ ఉండదు, రిజిస్ట్రీలో మార్చాలి. అది ఐటీవాళ్లకే వదలండి.

వైఫై అయితే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంటు ఆదాకు దాన్ని ఆపేయనిచ్చే టిక్ తీసేయండి.

కరెంటు పోయినప్పుడే తెగుతోందా? ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా రౌటర్ ఆగిపోతుంది. అది, ఫైబర్ పెట్టె మళ్లీ లేచేసరికి ఆ 100 సెకన్ల ప్రయత్నాలు అయిపోవచ్చు. రౌటర్ అడాప్టర్ మీదున్న వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయే మినీ యూపీఎస్ కొనండి. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ సప్లై ఇవ్వాలి.

ప్రశ్న: పనైపోయాక విండో మూస్తే చాలా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చాలదు. అది డిస్‌కనెక్ట్ మాత్రమే. లోపల ప్రోగ్రాములు నడుస్తూ సర్వర్ మెమరీ తింటాయి, మీరు తెరిచిన ఎక్సెల్ ఫైలు తోటివారికి లాక్ అయి కనిపిస్తుంది. స్టార్ట్ మెనూలోంచి సైన్ అవుట్ చేయండి.