ఆయిల్ మార్చాక స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు ఆరలేదా? ముందు రేజ్ ఇవ్వకండి

మీరు ఇంటి దగ్గరే ఇంజన్ ఆయిల్, ఫిల్టరు మార్చారు. స్టార్ట్ చేయగానే ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైటు ఆరలేదు, టకటకమని చప్పుడొచ్చింది, భయమేసి ఆపేశారు. ఇంజన్ పోయిందా అని మీ టెన్షన్.

రెండు మూడు సెకన్లే తిరిగి ఉంటే పోయి ఉండదు లెండి. కొత్త ఫిల్టరు ఖాళీగా ఉంటుంది కదా, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్లోంచి పంపు లాగిన ఆయిల్ ముందు దాన్ని నింపి, ఆ తర్వాతే పైన వాల్వులు తెరిచే ట్యాపెట్ల దాకా వెళ్తుంది. అప్పటిదాకా లైటు వెలగడం, ట్యాపెట్లు మోగడం మామూలే. చాలామంది ఆ లైటు ఆయిల్ తగ్గితేనే వెలుగుతుందనుకుంటారు. అది చెప్పేది ప్రెషర్ సంగతి. గేజి, అంటే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల (డిప్‌స్టిక్), మీద ఆయిల్ సరిగ్గా ఉన్నా ప్రెషర్ రాకపోవచ్చు.

మళ్లీ తాళం తిప్పేముందు బండిని సమంగా ఉన్న చోట పెట్టి గేజి చూడండి. కొండల మధ్య ఉన్న మా కోరాపుట్‌లో (ఒడిశా) వాలు లేని చోటు దొరకడమే గగనం, వాలులో గేజి చెప్పే లెక్క నమ్మలేం. పైన మూత బిగించారా, గుడ్డముక్క ఏదైనా బెల్టు దగ్గర మర్చిపోయారా చూసుకోండి. షెడ్డులో ఉంటే తలుపులు బార్లా తెరవండి, పొగ ప్రమాదం.

తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొట్టండి. చెయ్యి తాళం మీదే ఉండాలి. మామూలుగా అయిదారు సెకన్లలో లైటు ఆరిపోతుంది. పది దాటినా ఆరకపోతే ఆపేయండి. ఆరిపోతే ఇంజన్ అలాగే నిదానంగా తిరగనిచ్చి, ఇంకొకరిని కింద టార్చి వేసి ఫిల్టరు దగ్గర, డ్రెయిన్ బోల్టు దగ్గర చూడమనండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం ఎవరూ దూరకూడదు.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మా బావగారి కారుకి ఇక్కడే ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాం. కుర్రాడు స్టార్ట్ చేస్తూనే గట్టిగా రేజ్ ఇచ్చాడు. ఫిల్టరు పక్కనుంచి తేనెరంగు ఆయిల్ సన్నటి ధారగా చిమ్మింది, కింద పరిచిన అట్ట చూస్తుండగానే తడిసిపోయింది. ఆపించి ఫిల్టరు విప్పితే పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉంది! దానిమీదే కొత్తది బిగించేశాడు. మర్నాడు ఆ బండి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లాల్సింది. కుర్రాణ్ణి ఏమంటాం, నల్లటి మడ్డిలో నల్లటి రింగు కంటికి ఆనదు. వేలితో చుట్టూ తడిమి చూస్తే తెలిసిపోతుంది. మీరు విప్పిన పాత ఫిల్టరు పారేయకపోతే దాని రింగు దానికే ఉందో లేదో ఇప్పుడే చూడండి.

బండి ఒక నిమిషం తిరిగాక ఆపి, అయిదు పది నిమిషాలాగి గేజి మళ్లీ చూడండి. ఫిల్టరులోకి వెళ్లినంత మేర తగ్గి ఉంటుంది. కొంచెం కొంచెంగా పోసుకుంటూ రండి, పై గీత దాటనివ్వకండి.

లెక్కప్రకారమే పోసినా గేజి పై గీతకి బాగా పైన ఉందనుకోండి, స్టార్ట్ చేయొద్దు. ఇంజన్ ఆయిల్ బదులు పొరపాటున గేర్‌బాక్స్ ఆయిల్ దించేసి, పాత ఇంజన్ ఆయిల్ మీదే కొత్తది పోసి ఉండొచ్చు. మీరు విప్పిన బోల్టు ఏదో మాన్యువల్లో బొమ్మతో సరిపోల్చుకోండి.

రెండోసారీ లైటు ఆరకపోతే ఇక సెల్ఫ్ కొట్టకండి. షెడ్డు పక్క వీధిలోనే ఉన్నా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.