రోష్ హషానా భోజనంలో షుగర్ ఉన్నవాళ్లకి వేరే ప్లేటు పెట్టకండి

మీ ప్రశ్న చదివాను. అమ్మాయి అమెరికాలో యూదుల అబ్బాయిని చేసుకుంది, ఈసారి వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానాకి వియ్యాలవారిని మీరే భోజనానికి పిలిచారు, వియ్యంకుడిగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, తీపి, నూనె తగ్గించి పండుగ వంట ఎలా చేయాలి అని అడిగారు.

మాది పాలకొల్లు దగ్గర. ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్ పక్కనున్న బాత్ యామ్‌లో ఒక పెద్దావిడని చూసుకునే పని నాది. ఇంట్లో అందరూ ఆవిడని సఫ్తా అంటారు, అంటే అమ్మమ్మ. నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడకీ షుగరూ బీపీ ఉన్నాయి. కుటుంబం మరీ నిష్ఠాపరులు కాదు గానీ కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, మాత్రం తప్పరు. కాబట్టి ఈ పండుగ వంటలో నా చెయ్యి బాగానే పడింది. ముందు ఒక్కటి గట్టిగా చెబుతాను: ఆయన కోసం విడిగా ఏమీ వండకండి.

ఓ ఏడాది పండుగకి సఫ్తా కూతురు తన ఇంట్లోనే అంతా వండుకుని తెచ్చింది. బల్ల మీద అందరికీ తేనె కేకు, తీపి కుగెల్ (నూడుల్సో బంగాళాదుంపో గుడ్లతో కలిపి ఓవెన్‌లో కాల్చేది), ఎండుద్రాక్ష వేసి ఉడికించిన క్యారెట్ సిమ్మెస్. సఫ్తాకి మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో ఉడకబెట్టిన కోడి ముక్క, ఉప్పు లేని గుమ్మడి, పంచదార బదులు స్వీటెనర్ వేసిన చిన్న కేకు. తల్లి మీద ప్రేమతోనే చేసింది, కాదనను. కానీ మనవలూ మనవరాళ్లూ చూస్తుండగా ఆ డబ్బా మూత తీసి ముందు పెట్టేసరికి సఫ్తా మొహం మాడిపోయింది. ఫోర్కు కూడా ముట్టుకోలేదు. ఆకలి లేదంది. అందరూ వెళ్లాక, అర్ధరాత్రి వంటింట్లో లైటు వెలుగుతుంటే వెళ్లి చూశాను. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి చేత్తోనే తేనె కేకు తింటోంది. నన్ను చూసి కూడా ఆపలేదు. పొద్దున షుగర్ 300 దాటింది.

మరుసటి ఏడాది సఫ్తా వియ్యపురాలు పూనుకుంది. కోడలి తల్లి. వాళ్లది టర్కీలోని ఇజ్మీర్ నుంచి వచ్చిన కుటుంబం. పండుగకి ఒకరోజు ముందే చక్రాల సంచి లాక్కుంటూ వచ్చింది, పైనుంచి లీక్ కాడలు మోరలెత్తి చూస్తున్నాయి. లీక్ అంటే ఉల్లి జాతిదే, ఉల్లికాడల కన్నా బాగా లావుగా, పొడుగ్గా ఉంటుంది. వాళ్ల ఇళ్లలో దానితో చిన్న చిన్న టిక్కీలు చేస్తారు, కెఫ్తెస్ దె ప్రాసా అంటారు.

కాడల్ని నిలువునా చీల్చి, పొర పొరకీ మధ్య నీళ్లు పోసి కడిగాం. మట్టి లోపల దాక్కుంటుంది. పైగా పురుగు తినడం కోషర్‌కి నిషిద్ధం, అందుకని ఒక్కో పొర వెలుతురుకి పెట్టి చూసింది ఆవిడ. ముక్కలు కోసి మెత్తగా ఉడికించి, వార్చి, పలచటి గుడ్డలో వేసి నన్ను పిండమంది. పిండాను. మణికట్టు నొప్పెట్టేదాకా పిండి, ఇక చాలనుకుని చూపించాను. ఆవిడ ఆ ముద్ద అందుకుని ఒక్క మెలిక తిప్పితే సగం గ్లాసు నీళ్లు కారాయి. అక్కడుంది కిటుకంతా. నీరు మిగిలితే ముద్ద విడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికి పిండి ఎక్కువ వేయాలి, పిండి ఎక్కువైతే నూనె తాగుతుంది. బాగా పిండితే కిలో లీక్‌కి మూడు గుడ్లు, రెండు మూడు గుప్పిళ్ల మత్సా పొడి (పులియబెట్టని పలచటి రొట్టెల పొడి), మిరియాలు, కాస్త ఉప్పు సరిపోతాయి. వాళ్ల అమ్మ నూనెలో ముంచి వేయించేదట. ఈవిడ ట్రేకి, టిక్కీల పైన ఆలివ్ నూనె రాసి, 200 డిగ్రీల ఓవెన్‌లో ఒకసారి తిరగేసి అరగంట ఉంచింది. అంచులు ఎర్రగా, లోపల మెత్తగా వచ్చాయి.

ఆ రాత్రి అందరికీ అవే. డబ్బా లేదు. సఫ్తాకి మొదటి టిక్కీ వియ్యపురాలే వడ్డించింది. తేనె కేకు కూడా సన్నటి ముక్క అందరితో పాటే తింది. పొద్దున షుగర్ రోజూ ఉన్నంతే ఉంది. నాకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. మనిషిని పంక్తిలో కూర్చోబెట్టి అందరితో సమానంగా పెడితే దొంగతనంగా తినాల్సిన అవసరం రాదు.

అప్పుడే నాకు ఇంకోటి తెలిసింది. ఈ పండుగ రాత్రి శుభసూచకంగా తినాల్సిన పదార్థాల జాబితా యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లోనే ఉంది. 4వ శతాబ్దంలో బాబిలోనియాలో ఉన్న అబాయే అనే పండితుడు చెప్పాడు: సొర జాతి కాయ, బొబ్బర్లు, లీక్, బీట్ ఆకు, ఖర్జూరం. ఒక్కోదానికీ ఒక చిన్న ప్రార్థన ఉంటుంది, అది చెప్పి కాస్త కాస్త తింటారు. దానిమ్మ, చేప తలకాయ కూడా చాలామంది పెడతారు. కేకూ కుగెలూ ఈ జాబితాలో ఎక్కడా లేవు. అసలు పండుగే కూరగాయలది, మధ్యలో తీపి వంటలు వచ్చి వాటిని పక్కకి నెట్టేశాయి. చలిదేశాల్లో, బంగాళాదుంప, క్యాబేజీ, కోడి కొవ్వు తప్ప పెద్దగా దొరకని చోట బతికిన అష్కెనాజీ యూదుల, అంటే తూర్పు, మధ్య ఐరోపా యూదుల వంటే పుస్తకాల్లోకి, అమెరికా దుకాణాల్లోకి ఎక్కింది. టర్కీ, మొరాకో, ఇరాక్, యెమెన్ యూదుల వంటలు చూడండి, సగం పని తప్పుతుంది.

పైగా ఆ జాబితాలో ఉన్నవి మీ చేతికి అలవాటైనవే. బొబ్బర్లు ఉడికించి ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటా, జీలకర్రతో దగ్గరగా చేయండి. ఇక్కడ కూడా అచ్చం అలాగే చేస్తారు. జాబితాలో ఆ గింజ చోట మెంతి అని అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు, రాషీ అనే మహా వ్యాఖ్యాత అలాగే చెప్పాడు. యెమెన్ వాళ్లు మెంతిపిండి నానబెట్టి గిలక్కొట్టి హిల్బే చేసుకుంటారు. షుగర్ ఉన్న ఇంట్లో అదీ బల్ల మీద ఉంటే మంచిదే. సొరకాయో గుమ్మడికాయో పంచదార వేయకుండా, కాస్త దాల్చినచెక్క చల్లి ఓవెన్‌లో కాల్చండి.

చేప సంగతి గోదావరి వాళ్లకి నేను చెప్పాలా? పొలుసులూ రెక్కలూ ఉన్నదే కోషర్. అందుకని వాలుగ, జెల్ల, రొయ్యలు, పీతలు పనికిరావు. శీలావతి, బొచ్చె నిక్షేపంగా చెల్లుతాయి, ఇక్కడ గెఫిల్టె ఫిష్‌కి, అంటే చేపని నూరి ఉండలు చేసి ఉడికించే వంటకానికి, వాడే కార్ప్ కూడా వాటి జాతిదే. గెఫిల్టె చేస్తే పోలండ్ వాళ్లలాగా పంచదార వేయకండి, లిథువేనియా యూదుల పద్ధతిలో మిరియాలు వేయండి. రెండూ సంప్రదాయమే, ఎవరూ తప్పుపట్టరు. చేపనీ మాంసాన్నీ ఒకే ప్లేటులో మాత్రం పెట్టకండి.

ముందుగా అల్లుడిని అడగండి, వాళ్లు కోషర్ ఎంతవరకు పాటిస్తారో. బాగా పట్టింపు ఉన్నవాళ్లయితే మీ గిన్నెల్లో వండింది తినకపోవచ్చు, అప్పుడు వంట అమ్మాయి ఇంట్లోనే చేయాలి. మాంసం ఉన్న భోజనంలో నెయ్యి, పెరుగు, వెన్న ఏవీ ఉండకూడదు. పెరుగుపచ్చడి ఆ రోజుకి మర్చిపోండి.

ఈ పాల నిషేధం వల్లే వనస్పతి లాంటి మార్గరిన్ వీళ్ల వంటల్లోకి జొరబడింది. కుగెల్‌లో అదే, కేకులో అదే. నాకు దాన్ని చూస్తేనే ఒళ్లు మండుతుంది. పక్కనే ఆలివ్ చెట్లు పెట్టుకుని డబ్బాలో గడ్డకట్టిన నూనె ఎందుకు? కుగెల్ కూడా మామూలు నూనెతో చక్కగా వస్తుంది.

ఇంకో శత్రువు సూప్ పొడి. ఇక్కడ చాలా ఇళ్లలో కూరలో, అన్నంలో, చివరికి బంగాళాదుంపల మీద కూడా చెంచాల కొద్దీ కొడతారు. అదంతా ఉప్పే. కోషర్ మాంసాన్ని రక్తం పోవడానికి అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, కడిగి అమ్ముతారు. అంటే కోడిలో అప్పటికే ఉప్పుంది. మీ వియ్యంకుడిగారికి బీపీ అన్నారు కదా, సూప్‌లో రుచి చూడకుండా ఉప్పు వేయకండి. సూప్ ముందురోజే కాచి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి కొవ్వు పైన తెల్లగా పేరుకుంటుంది, గరిటెతో ఎత్తేయండి. సోయాకు, సెలెరీ, పార్స్లీ వేరు కట్టలు కట్టలుగా వేస్తే పొడి లేని లోటు తెలియదు.

ఆపిల్ ముక్క తేనెలో ముంచి తినడం మాత్రం తీసేయకండి. ఒక టేబుల్ స్పూన్ తేనెలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటుంది, ముక్క కొనకి అంటుకునేది అందులో చాలా తక్కువ. నష్టం అక్కడ లేదు, పెద్ద పెద్ద గుండ్రటి ఖల్లా రొట్టె ముక్కలు తిని, ద్రాక్షరసం గ్లాసులు తాగడంలో ఉంది. పూజకి తీపి ద్రాక్షరసమే కావాలని లేదు. డాక్టర్ వద్దనకపోతే తీపి లేని వైన్ ఒక గుక్క చాలు. ఖల్లా చిన్న ముక్క తినగానే ఈ కూరగాయలన్నీ ఒక్కొక్కటిగా, ప్రార్థనలు చెప్పుకుంటూ, తీరుబడిగా రావాలి. మాంసం వచ్చేసరికి సగం కడుపు నిండి ఉంటుంది. ఖర్జూరం ఒకటి చాలు, పెద్ద మెద్జూల్ అయితే ఇద్దరికి ఒకటి.

మనవాళ్లకి ఒక మాట. ఇక్కడ కొత్తగా వచ్చిన అమ్మాయిలు యూదుల వంట చప్పగా ఉందని కారం డబ్బా తీస్తారు. దయచేసి ఆ రోజుకి వద్దు. వాళ్లకి ఆ రుచి వాళ్ల అమ్మ చేతి రుచి.

పండుగ రెండు రోజులు. రెండో రాత్రి ఆ ఏడాది అంతవరకు తినని పండు ఒకటి తినే ఆచారం ఉంది. దానికి మళ్లీ కేకు చేయక్కర్లేదు. మీ దగ్గరి ఇండియన్ స్టోర్‌లో జామకాయలు వస్తాయేమో కనుక్కోండి, మరీ మగ్గనివి, గట్టిగా ఉన్నవి తీసుకోండి. లీక్ మాత్రం రెండు రోజుల ముందే కొనిపెట్టుకోండి. పండుగ ముందురోజు వెళ్తే ఆకులు వాడిపోయినవే మిగులుతాయి.