వేసవిలో వోర్ట్ త్వరగా చల్లారాలంటే ఐసు చివరికి దాచుకోండి

డాలస్‌లో జూలై ఎండలకు 19 లీటర్ల వోర్ట్ (ఈస్ట్ వేయకముందు మరిగించిన బీరు రసం) లోపల కుళాయి నీళ్లు పారే రాగి గొట్టపు చుట్టతో గంట దాటినా 35 డిగ్రీల దగ్గరే ఆగిపోతోందనీ, ప్లేట్ చిల్లర్ (పలకల మధ్య వోర్ట్, నీళ్లు పక్కపక్కనే పారించి చల్లార్చే పరికరం) కొనమంటారా అనీ అడిగారు. కొనకండి. తప్పు చుట్టది కాదు, కుళాయిది. నేనూ ఈ ఊళ్లోనే ఇంట్లో బీరు చేసుకుంటాను. వేసవిలో ఇక్కడ కుళాయి నీళ్లే 30 డిగ్రీల దాకా ఉంటాయి. ఏ చిల్లరైనా తనలో పారే నీళ్లకన్నా చల్లగా వోర్ట్‌ను చేయలేదు. పైగా ప్లేట్ చిల్లర్ పలకల మధ్య హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) పిప్పి ఇరుక్కుందంటే దాన్ని కడగడం పెద్ద తలనొప్పి.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి: కలపండి. చుట్టను ఆనుకున్న వోర్ట్ చల్లబడి అక్కడే నిలిచిపోతుంది, మిగతాది వేడిగానే ఉంటుంది. బయటికి వచ్చే గొట్టాన్ని ఓసారి పట్టుకుని చూడండి. ఊరికే వదిలేస్తే కాసేపటికి గోరువెచ్చగా అయిపోతుంది. అప్పుడు చుట్టను పట్టుకుని గిన్నెలోనే మెల్లగా గుండ్రంగా తిప్పండి, గొట్టం మళ్లీ చేయి కాలేంత వేడెక్కుతుంది. ఆ వేడంతా వోర్ట్‌లోంచి బయటికి పోతున్నదే. చుట్టను శుభ్రం చేసి, మంట ఆపడానికి పదిహేను నిమిషాల ముందే మరుగుతున్న వోర్ట్‌లో దించి ఉంచితే క్రిముల బెడద ఉండదు. గొట్టాల అతుకులు మాత్రం గిన్నె అంచుకు బయటే ఉండాలి. అక్కడ కారే నీటిచుక్క లోపల పడకూడదు.

ఇక ఐసు సంగతి. చాలామంది మొదట్లోనే ఐసు పోసి, అసలు అవసరమైనప్పుడు ఖాళీ సంచులు చూసుకుంటారు. 100 నుంచి, ఈస్ట్ వేయడానికి తగిన 20 డిగ్రీలకు అంతా ఐసుతోనే దించాలంటే, లెక్క ప్రకారం 15 కిలోలు కావాలి. 38 దాకా కుళాయి నీళ్లతో దించి, అక్కడి నుంచి ఐసు మొదలుపెడితే మూడున్నర కిలోలు చాలు. ఐసుతో పాటు పోసే నీళ్లు కూడా చల్లబడాలి, గాలి వేడి కూడా తగులుతుంది కాబట్టి నేను 10 పౌన్ల సంచులు రెండు తెచ్చుకుంటాను. ఐసు పెట్టెలో ఐసు, కాసిని నీళ్లు పోసి, నీటి తొట్లలో వాడే చిన్న మోటారు అందులో ముంచి, చుట్టకు కలిపేయండి. తిరిగొచ్చే నీళ్లను మొదటి ఒకటి రెండు నిమిషాలు బయటికి వదిలి, తర్వాత పెట్టెలోకే మళ్లించండి. కొన్న ఐసును నేరుగా వోర్ట్‌లో వేయకండి, అది ఎంత శుభ్రమైనదో ఎవరికి తెలుసు?

కుళాయి దశలో వచ్చే మొదటి బకెట్ల వేడినీళ్లు పారబోయకండి, గిన్నెలు కడగడానికి అవే.

లాగర్ (చల్లటి వేడిమిలో పులియబెట్టే బీరు రకం) చేస్తుంటే 10 డిగ్రీల దాకా దించాలి. దానికి చుట్టతో కుస్తీ అనవసరం. 20కి తెచ్చి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక ఈస్ట్ వేయండి. ఇవేవీ వద్దనుకుంటే నార్వే పల్లెల్లోంచి వచ్చిన క్వైక్ ఈస్ట్ ఉంది. అందులో వోస్ రకం 35 డిగ్రీల్లోనూ చక్కగా పులియబెడుతుంది, కాస్త నారింజ వాసన వస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో నేను ఎక్కువగా దాన్నే వాడతాను.