నిలబడే ముందు అరువు పుస్తకం అడగండి

విజయనగరంలో మీ పేటవాళ్ళంతా వాటాలు వేసుకుని నడుపుకొంటున్న సరుకుల దుకాణానికి ఈసారి డైరెక్టరుగా పోటీ చేయమంటున్నారనీ, వ్యాపారం తెలియని మనిషి నిలబడవచ్చా అనీ అడిగారు. శ్రీకాకుళంలో అలాంటి సంఘానికే నేను రెండుసార్లు పోటీ చేశాను. ఒకసారి ఓడిపోయాను, రెండోసారి గెలిచి అయిదేళ్ళూ ఉన్నాను. అంతకుముందు తపాలా గుమస్తాగా పనిచేశాను. బియ్యం బస్తా ఎలా కొంటారో నాకూ తెలియదు. అది ఏడాదిలో తెలిసింది. మొహమాటం వదిలించుకోవడానికి మాత్రం అయిదేళ్ళూ చాల్లేదు.

ముందుగా మీ సంఘం ఏ చట్టం కింద రిజిస్టరయిందో కనుక్కోండి. 1964 నాటి సహకార సంఘాల చట్టం ఒకటి, 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం మరొకటి. రెండోదాని కింద ఉంటే ప్రభుత్వ వాటా ధనం ఉండదు, ఎన్నికలు జరిపించే బాధ్యత కూడా ఉన్న పాలకవర్గానిదే. అంటే మీరు ఎవరి మీద పోటీ చేస్తున్నారో వాళ్ళే ఏర్పాట్లు చూస్తారు, కాబట్టి నోటీసు బోర్డు మీద ఓ కన్నేసి ఉంచండి. డైరెక్టర్లు 21 మందికి మించకూడదనీ, మహిళలకు రెండు స్థానాలు తప్పనిసరి అనీ ఎవరో ఒకరు సహకార సంఘాల గురించిన 97వ రాజ్యాంగ సవరణను ఉదహరిస్తారు. ఆ భాగం రాష్ట్రాల్లోని సంఘాలకు చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మీకు కావలసింది మీ సంఘం నిబంధనావళి. మా దాంట్లో బకాయి ఉన్నవారు పోటీకి అనర్హులు, ఏడాదిలో కనీస కొనుగోలు లేనివారికి ఓటు లేదు. నామినేషన్లు, పరిశీలన, ఉపసంహరణ మామూలే, వాటికి భయపడేదేమీ లేదు.

మొదటిసారి నేను కరపత్రం వేయించాను. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, నేత పనివాళ్ళూ ఇతర చేతిపనులవాళ్ళూ, తలా కొంత వేసుకుని పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్మే కొట్టు ఎలా తెరిచారో అందులో రాశాను. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకటే ఓటు అనే సూత్రం గురించీ రాశాను. ఎంతో బాగా రాశానని నా నమ్మకం. మా వీధిలోనే ఒక పెద్దావిడ అది పూర్తిగా చదివి, "బాగుందమ్మా, మరి మన కందిపప్పులో రాళ్ళెందుకు వస్తున్నాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయాను.

రెండోసారి కరపత్రం లేదు. నెల రోజులపాటు సాయంత్రాలు కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. ఎవరు ఏం కొంటున్నారు, ఏం కొనకుండా బజారుకు వెళ్తున్నారు, ఎందుకు వెళ్తున్నారు అని అడిగి పుస్తకంలో రాసుకున్నాను. కందిపప్పు ఏ మిల్లు నుంచి వస్తోందో, అంతకన్నా కిలోకు రెండు రూపాయలు ఎక్కువ పెడితే ఎలాంటి పప్పు వస్తుందో కనుక్కున్నాను. సభ్యులంతా హాజరయ్యే మహాజన సభలో అయిదు నిమిషాలు దాని గురించే మాట్లాడాను. (సభకు వచ్చేవాళ్ళలో సగంమంది పులిహోర పొట్లం కోసం వస్తారని ఎగతాళి చేసేవాళ్ళుంటారు. ఏ కారణంతో వచ్చినా ఓటు వేసేది వాళ్ళే.)

గెలిచాక మొదటి పెద్ద తగాదా బియ్యం గురించి. సంక్రాంతి దాటాక కొత్త ధాన్యం మిల్లాడుతుంది, అప్పుడు ధర దిగుతుంది. అయితే కొత్త బియ్యం వండితే ముద్దవుతాయి, ఒదగవు. సభ్యులకు కావలసింది పాత బియ్యం. మా దగ్గర రాగోలు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు అనే రకం చాలామందికి ఇష్టం. అప్పుడే ఏడాదికి సరిపడా కొని నిల్వ చేద్దామని ముగ్గురు, ఉన్న డబ్బంతా బస్తాల్లో పెడితే నూనెకూ పప్పుకూ ఎక్కడ తెస్తామని నలుగురు. రెండు సమావేశాలు వాదించుకుని సగం కొన్నాం. వర్షాకాలంలో పురుగు పట్టి కొన్ని బస్తాలు చెరిగించాల్సి వచ్చింది. అయినా ఆశ్వయుజం దాకా బజారు కన్నా తక్కువకే ఇచ్చాం. సగం కొనడం సరైనదేనా అంటే ఈనాటికీ చెప్పలేను.

తరుగు సంగతి మీరు తప్పకుండా ఎదుర్కొంటారు. బెల్లం వానల్లో చెమ్మ పట్టి కారుతుంది, అది అందరికీ తెలుసు. పప్పుల్లోనూ ప్రతి నెలా తరుగు రాస్తుంటే అందరూ కొట్లో కుర్రాడి వైపు చూశారు. ఒకరోజు కొట్టు కట్టేశాక ఇద్దరు డైరెక్టర్లం కూర్చుని తూకం రాళ్ళు తెప్పించి కాటాను సరిచూశాం. కిలోకు పదిహేను గ్రాములు అదనంగా పోతోంది! తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటి ఏడాదయింది. ఆ గడువు చూడవలసింది పాలకవర్గం, అంటే మేమే. కుర్రాడికి క్షమాపణ చెప్పి, మినిట్సులో కూడా రాయించాం.

ఇక అరువు. నిబంధనావళిలో అరువు లేదని ఉంటుంది, సొరుగులో ఒక పొడవాటి పుస్తకం ఉంటుంది. మూడు నెలలు దాటిన బకాయిల జాబితా గోడకు అంటించాలని తీర్మానం పెట్టింది నేనే. ఆమోదం పొందాక చూస్తే జాబితాలో మూడో పేరు మా మరిదిది. ఆ ఒక్క పేరు ఆపి, ఆయనకు విడిగా చెబుదామని కార్యదర్శి మర్యాదగా అన్నారు. నేను ఒప్పుకోలేదు. మరిది వారంలో కట్టేశాడు. ఆ సంక్రాంతికి మాత్రం వాళ్ళింటి నుంచి అరిసెలు పిల్లవాడి చేత వచ్చాయి, మనుషులు రాలేదు. మా ఆయన ఏమీ అనలేదు గానీ ఆ అరిసెలు ముట్టలేదు. మరుసటి ఏడాది కనుమ నాడు తోటికోడలే వచ్చింది, మామూలుగా కబుర్లు చెప్పింది, ఆ ఊసే ఎత్తలేదు.

కాబట్టి మీరు వెళ్ళి గత రెండేళ్ళ మినిట్సు పుస్తకం, ఆడిట్ నివేదిక, అరువు పుస్తకం చూపించమని అడగండి. చూపించకపోతే అదే మీ ప్రచారం. చూపిస్తే, ఆ బకాయిల్లో మీవాళ్ళెవరున్నారో చూసుకుని, ఇంట్లో చెప్పి, అప్పుడు నిర్ణయించుకోండి. మీ వాటా ధనం రసీదు కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి. మొదటిసారి నాది దొరక్క బీరువా మొత్తం తిరగేశాను, చివరికి పంచాంగంలో దొరికింది.