కుక్క, పిల్లి పోషణలో ఎక్కడ ఆదా చేయవచ్చు?

ప్రశ్న: మా ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. ప్యాకెట్ ఆహారం, మందుల ఖర్చు భరించలేకపోతున్నాం. టీకాలు మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: టీకాలు మాత్రం దయచేసి మానకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా జంతువుకైనా ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. జులై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకాను ఉచితంగా వేస్తుంటారు కాబట్టి దగ్గరలోని ఆసుపత్రిలో ముందే అడిగి ఉంచుకోండి.

అసలు ఆదా తిండిలో ఉంది. మీరు వండుకునే అన్నంలో ఉడికించిన గుడ్డునో, ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలని, ఎముకలు తీసేసిన కోడిమాంసాన్నో కలిపి కుక్కకు పెట్టవచ్చు. అయితే పూర్తిగా ఇంటి తిండి మీదే పెంచితే కాల్షియం చాలదు, అందుకు ఏం కలపాలో వైద్యుడిని అడగండి. పిల్లి సంగతి వేరు. దానికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం సహజంగా మాంసం, చేపల్లోనే దొరుకుతుంది కనుక పాలన్నంతో సరిపెడితే కాలక్రమంలో చూపు, గుండె దెబ్బతింటాయి. కుక్క తిండిలో మిగిలిన డబ్బును పిల్లి ఆహారానికి వాడటమే నా దృష్టిలో సబబు.

వానకాలంలో రోజూ కుక్క చెవులు, వేళ్ల సందులు వెతికి గోమార్లను తీసేస్తే, అవి తెచ్చే జ్వరాల వైద్యానికయ్యే పెద్ద ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఒళ్లు వెచ్చగా ఉందని ఇంట్లోని పారాసిటమాల్‌ను పిల్లికి ఎన్నడూ వేయకండి, ఒక్క మాత్రే దాని ప్రాణం తీయగలదు.