రిపోర్టులో వైరస్ కనిపించకపోతే హెచ్‌ఐవీ నయమైనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. హైదరాబాద్‌లో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. ఏడేళ్ల క్రితం హెచ్‌ఐవీ ఉందని తేలింది. అప్పటి నుంచి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రంలో ఇచ్చే మందులు మానకుండా వాడుతున్నాను. నా భార్యకు ఇన్‌ఫెక్షన్ లేదు. గత మూడు వైరల్ లోడ్ పరీక్షల్లో ‘వైరస్ కనిపించలేదు’ అనే వచ్చింది. నా విషయం తెలిసిన మా బావగారు నగర శివార్లలోని ఒక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. ఆరు నెలలు చూర్ణం వాడితే పూర్తిగా నయమవుతుందని, 1.80 లక్షలు ఖర్చవుతుందని, ముందుగా మాత్రలు ఆపేయాలని ఆయన చెప్పారు. నయమైన వాళ్లవంటూ కొన్ని రిపోర్టులు చూపించారు. విదేశాల్లో ఎముక మజ్జ మార్చి హెచ్‌ఐవీని నయం చేశారని కూడా చదివాను. అది ఇక్కడ చేయించుకోవచ్చా? ఏ దారి మంచిదో చెప్పగలరు.
– పేరు రాయని పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఒక్క మాట. ఈ రాత్రి వేసుకోవాల్సిన మాత్ర మానకండి. మిగతాది ఆ తర్వాత నిదానంగా చదవండి.

ఆ వైద్యుడు చూపించిన రిపోర్టులో ఉన్న ‘వైరస్ కనిపించలేదు’ అనే మాట, మీ ఇంట్లో బీరువాలో ఉన్న రిపోర్టులోని మాట ఒకటే. అలాంటి కాగితం సంపాదించడం కష్టం కాదు. ఏఆర్‌టీ మందులు క్రమంగా వేసుకునే వాళ్లలో ఎక్కువ మందికి ఆరు నెలల్లో అదే ఫలితం వస్తుంది. నయమైందని రుజువు కావాలంటే, మందులన్నీ ఆపిన తర్వాత ఏళ్ల తరబడి అదే ఫలితం రావాలి. మీరు చూసిన కాగితాల్లో ఆ సంగతి ఉండి ఉండదు.

వైరల్ లోడ్ పరీక్ష లెక్కపెట్టేది రక్తంలో తిరుగుతున్న వైరస్‌ను. హెచ్‌ఐవీకి ఇంకో నివాసం ఉంది. అది రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీడీ4 అనే తెల్ల రక్తకణంలోకి చొరబడి, తన జన్యువును ఆ కణపు డీఎన్‌ఏలోనే కలిపేసుకుంటుంది. అలాంటి కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మారి, ఏళ్ల పాటు నిద్రపోతాయి. మన మాత్రలు వైరస్ కొత్త ప్రతులు తయారు కాకుండా అడ్డుకుంటాయి. నిద్రపోతున్న కణంలో వైరస్ ఏ పనీ చేయదు కాబట్టి మందు దాన్ని ముట్టుకోలేదు, రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టలేదు. పొలంలో తుంగను పైపైన కోసేస్తే నేల శుభ్రంగానే కనిపిస్తుంది. దుంప మాత్రం లోపలే ఉంటుంది, ఒక్క వాన చాలు మళ్లీ మొలవడానికి. 1997లో ఈ దాగిన నిల్వ గురించి పరిశోధకులు వివరంగా చెప్పారు. మందులు వాడుతున్నా అది సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని తర్వాత లెక్క తేలింది. ఆ వేగంతో మొత్తం పోవాలంటే 70 ఏళ్లు దాటుతుంది.

ఈ దుంప ఎంత మొండిదో చెప్పడానికి ఒక బిడ్డ కథ చెబుతాను. 2010లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఒక పాప హెచ్‌ఐవీతో పుట్టింది. పుట్టిన 30 గంటలకే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర తర్వాత తల్లి ఆ పాపను ఆసుపత్రికి తీసుకురావడం మానేసింది, మందులూ ఆగిపోయాయి. కొన్ని నెలలకు తిరిగి వస్తే, ఆశ్చర్యం, రక్తంలో వైరస్ లేదు. 2013లో ఆ పాపకు నయమైందని ప్రపంచమంతా రాసింది. నేనూ ఆ రోజు నా రోగులకు సంతోషంగా చెప్పాను. మందుల్లేకుండా 27 నెలలు అలాగే గడిచాయి. 2014లో వైరస్ తిరిగి వచ్చింది. అంత సున్నితమైన పరీక్షలకు కూడా దొరక్కుండా అది రెండేళ్లకు పైగా దాక్కుంది. మీ మూడు రిపోర్టులు మీరు మందును శ్రద్ధగా వాడుతున్నారని చెబుతున్నాయి, అందుకు మిమ్మల్ని మనసారా అభినందిస్తున్నాను. వైరస్ ఇల్లు ఖాళీ చేసిందని మాత్రం అవి చెప్పడం లేదు.

ఇక ఎముక మజ్జ సంగతి. మీరు చదివింది నిజమే. బెర్లిన్‌లో ఉంటున్న టిమోతీ రే బ్రౌన్ అనే అమెరికన్‌కు హెచ్‌ఐవీతో పాటు రక్త క్యాన్సర్ వచ్చింది. 2007లో ఆయనకు మూలకణాల మార్పిడి, అంటే మీరు చెప్పిన ఎముక మజ్జ మార్పిడి లాంటిదే, చేశారు. డాక్టర్ గెరో హ్యూటర్ ఎంచుకున్న దాతకు ఒక ప్రత్యేకత ఉంది. హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే సీసీఆర్5 అనే తలుపు ఆయన కణాల్లో పుట్టుకతోనే లేదు. క్యాన్సర్ తిరగబెట్టడంతో 2008లో బ్రౌన్‌కు మరోసారి మార్పిడి చేయాల్సి వచ్చింది. హెచ్‌ఐవీ మాత్రం మళ్లీ రాలేదు. 2020లో ఆయన క్యాన్సర్‌తోనే కన్నుమూశారు. తర్వాత లండన్, డ్యుసెల్‌డార్ఫ్ వంటి చోట్ల ఇంకొందరికి ఇలాగే జరిగింది. అందరినీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వాళ్లెవరూ హెచ్‌ఐవీ కోసం ఈ మార్పిడికి వెళ్లలేదు. రక్త క్యాన్సర్ లాంటి ప్రాణాంతక జబ్బుకు వేరే దారి లేక వెళ్లారు. సొంత మజ్జను మందులతో నాశనం చేసి, పరాయి మజ్జను ఎక్కించే చికిత్స ఇది. ఇన్‌ఫెక్షన్లతో, కొత్త కణాలు శరీరం మీదే తిరగబడటంతో ప్రాణాలు పోయే ప్రమాదం గణనీయంగా ఉంటుంది. రోజుకో మాత్రతో అదుపులో ఉన్న మనిషిని అందులోకి దింపడం ఏ వైద్యుడూ చేయకూడని పని. పైగా ఆ జన్యు మార్పు ఉత్తర ఐరోపా మూలాలున్న వాళ్లలో సుమారు నూటికి ఒకరికి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తుంది, మన దేశంలో దాదాపు కనిపించదు. ఆ మార్పు లేని మామూలు దాతల కణాలు ఎక్కించిన ఇద్దరు హెచ్‌ఐవీ రోగులకు అమెరికాలోని బోస్టన్‌లో, మందులు ఆపిన కొన్ని నెలల్లో వైరస్ తిరిగి వచ్చింది.

నిజమైన వెతుకులాట ఇప్పుడు ఆ దాగిన నిల్వ చుట్టూ తిరుగుతోంది. క్యాన్సర్ మందు వొరినోస్టాట్‌తో నిద్రపోతున్న వైరస్‌ను లేపి చూశారు. లేచింది, కానీ నిల్వ తరగలేదు. జన్యు కత్తెర క్రిస్పర్‌తో వైరస్ జన్యువును కోసేసే ప్రయోగం కొందరు రోగుల మీద జరిగింది. అది హాని చేయలేదు, అయితే మాత్రలు ఆపాక వైరస్ తిరిగొచ్చింది. మెల్‌బోర్న్ పరిశోధకులు 2025లో కొవ్వు బుడగల్లో ఎంఆర్‌ఎన్‌ఏను (కణానికి ఆదేశాలు మోసుకెళ్లే జన్యు సందేశాన్ని) నిద్రాణ కణాల్లోకి పంపి, దాగిన వైరస్‌ను బయటపెట్టగలిగారు. ఇది ఇంకా ప్రయోగశాల దశలోనే ఉంది. నేను దీన్ని ఆశతో గమనిస్తున్నాను. ఈ అన్వేషణ ఫలించిన రోజున, శరీరం దృఢంగా ఉండి, నిల్వ తక్కువగా ఉన్న వాళ్లకే అది మొదట ఉపయోగపడుతుందని నా నమ్మకం. మీరు ఆ వరుసలో ఉండాలని కోరుకుంటున్నాను.

ఆరు నెలలకోసారి వేసుకునే లెనకాపవిర్ ఇంజెక్షన్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. దాని చౌక రకాన్ని తయారుచేసే అనుమతి హైదరాబాద్‌లోని హెటెరో, డాక్టర్ రెడ్డీస్ సంస్థలకు దక్కింది. ఇటీవల వార్తల్లోకి వచ్చింది హెచ్‌ఐవీ లేని వాళ్లకు సోకకుండా కాపాడే మందుగా. అది జబ్బును నయం చేయదు.

మాత్రలు ఆపితే ఏమవుతుందో మనకు స్పష్టంగా తెలుసు. ఎక్కువ మందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ తిరిగి పెరుగుతుంది. మధ్యమధ్య మందు ఆపి చూసిన స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో 5,472 మంది పాల్గొన్నారు. ఆపిన వాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించడంతో 2006లో ఆ పద్ధతిని నిలిపేయాల్సి వచ్చింది. మీ ఇంటి విషయం ఇంకొకటి ఉంది. వైరస్ కనిపించని స్థాయిలో నిలకడగా ఉన్నంత కాలం లైంగికంగా మీ భార్యకు సోకదు. పార్ట్‌నర్ అధ్యయనాల్లో అలాంటి భాగస్వాముల మధ్య ఒక్క సంక్రమణ కూడా కనబడలేదు. ఆ రక్షణ మీ మాత్రలో ఉంది. చూర్ణం నమ్మి దాన్ని ఆపేస్తే ఆమెకు తెలియకుండానే ఆమెకున్న కవచం పోతుంది.

2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచిత మందులు మొదలుపెట్టకముందు, పుస్తెలు అమ్మి మాత్రలు కొన్న భార్యలను నేను చూశాను. నెల మందు అయిపోయాక మళ్లీ కనిపించని వాళ్లను కూడా చూశాను. ఇప్పుడు ఉచితంగా చేతికి వస్తున్న మందును, డబ్బిచ్చి మరీ మానేయమంటే నాకు దుఃఖం కలుగుతుంది. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందునూ ప్రచారం చేయకూడదని మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె అనే జబ్బుల జాబితా చెబుతోంది. ఆ జాబితాలో మొదటి పేరే ఎయిడ్స్.

మీరు ఇప్పటికే ఆ చూర్ణం మొదలుపెట్టి ఉంటే సిగ్గుపడకుండా మీ ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పండి. ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి. కొన్ని చూర్ణాల్లో లోహ భస్మాలు ఉంటాయి. అవి మూత్రపిండాలకు హాని చేయవచ్చు, కాబట్టి మీ మాత్రలో మూత్రపిండాల మీద ప్రభావం చూపే టెనోఫోవిర్ ఉంటే వాటి పరీక్ష తప్పనిసరి. డోలుటెగ్రావిర్ ఉంటే కాల్షియం, ఐరన్ బిళ్లలు, కొన్ని రకాల అసిడిటీ మందులు ఎప్పుడు వేసుకోవాలో కౌన్సెలర్‌ను అడగండి, ఇవి దాని శోషణను తగ్గిస్తాయి. మాత్ర మానేసి కొన్ని రోజులు అయిపోయినా భయపడి దాచకండి. వెంటనే వెళితే ఏం చేయాలో వాళ్లు చూస్తారు. ఫోనులో మాట్లాడాలనుకుంటే 1097 ఉచిత నంబరు ఉంది.

బావగారు మీ మేలు కోరే ఆ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. ఈసారి మందులు తెచ్చుకునే రోజున ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి, ఆయన సందేహాలను కౌన్సెలర్‌ను అడగనివ్వండి.